సన్న కేబుల్ మింగిన మాట

వదినను చంపే పని మరిదికే అప్పగించారు. అదీ పొద్దున్నే, కప్పులో టీ చల్లారకముందే.

ఆ డిపార్ట్‌మెంటులో సొంత పేరుతో తిరిగేవాడు ఒక్కడూ ఉండడు. ఇతన్ని నత్త అంటారు. నడక నెమ్మది, చప్పుడుండదు, ఎంత నున్నటి గోడైనా ఎక్కేస్తాడు, పట్టుకున్న పనిని వదలడు. పెట్టినవాడు వెటకారానికే పెట్టాడు గానీ పదేళ్ళు గడిచేసరికి ఆ పేరుకి కాస్త గౌరవం కూడా వచ్చింది. బయటికి చూస్తే ఆ ఆఫీసు నాలుగంతస్తుల డ్రైక్లీనింగ్ దుకాణం. ముందు గదిలో నిజంగానే కోట్లు ఉతుకుతారు. మరక పోకపోతే జనం నిజంగానే తిడతారు. ఆ ఆవిరి, ఆ ఇస్త్రీ వాసన దాటి వెనక్కి వెళితే చీఫ్ గది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఎదుటివాడి గుండె ఆగిపోయే మాట చెప్పవలసి వస్తే, ఎవరిదో కోటు ఒళ్ళో వేసుకుని బొత్తాలు కుట్టడం ఆయన అలవాటు. ఆ పూట ఆయన ఒళ్ళో కోటు చూడగానే నత్తకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మిణుగురు అమ్ముడుపోయింది," అన్నాడు పెద్దాయన, దారం కొరుకుతూ.

మిణుగురు అంటే నత్త వదిన. నత్త అన్నయ్యది కూడా ఇదే డిపార్ట్‌మెంటు. ఒక విదేశీ ముఠా వెనకాల పడి, వాళ్ళ చేతిలోనే పోయాడు. ఆయన పోయిన ఏడాదికి వదిన వచ్చి పెద్దాయన ముందు నిలబడి, ఆయన సగంలో వదిలిన పని నాకివ్వండి అని అడిగింది. మనిషి అందగత్తె, మాటకారి, నాలుగు భాషలు వచ్చు. రెండేళ్ళుగా ఆ ముఠా నడిపే షాండ్లియర్ల షోరూంలో మేనేజరు. డిపార్ట్‌మెంటు రహస్యాలు తమకి అమ్మడానికి వచ్చిన మనిషని వాళ్ళు నమ్ముతున్నారు, వాళ్ళ రహస్యాలు పంపే మనిషని ఇక్కడ నమ్ముతున్నారు. ఏడేళ్ళ కూతురు మాత్రం నత్త ఇంట్లో పెరుగుతోంది. అమ్మ వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోందని ఆ పిల్లకి చెప్పారు.

పెద్దాయన చెప్పిన కేసు గట్టిదే. మిణుగురు దుస్తులకి పెట్టుకునే బ్రూచ్‌లో గోరంత ట్రాన్స్‌మిటర్ ఉంది. షోరూం తెరిచిన వెంటనే రోజూ ఒక మెసేజ్ పంపాలి. కొన్ని వారాలుగా ఒక్క ముక్క రాలేదు. ఈ లోపల ఆమెను కలవడానికి వెళ్ళిన, మాటలు చేరవేసే కొరియర్, అందరూ గొడుగాయన అని పిలిచే మంచి మనిషి, షోరూం ఎదుటి బస్ స్టాప్‌లో నిలబడ్డ చోటే తూటా తగిలి కూలిపోయాడు. ప్రమాదం ఉంటే ముందే చెప్పవలసింది మిణుగురే, చెప్పలేదు. ఆ మర్నాడే ముఠా నాయకుడి చెయ్యి పట్టుకుని నవ్వుతూ ఆమె కారు దిగిన ఫోటో దొరికింది. ఈ రోజు మధ్యాహ్నం షోరూం ఎదురుగా ఉన్న సభా భవనంలో రెండు దేశాల వాళ్ళు ఒప్పందం మీద సంతకాలు చేస్తున్నారు. అక్కడి సెక్యూరిటీ ఏర్పాట్లన్నీ మిణుగురుకి తెలుసు.

"సంతకాలకి ముందే ఫైలు మూసెయ్యాలి," అన్నాడు.

"సార్, ఆవిడ మా అన్న భార్య."

"తెలుసు. అందుకే నువ్వు. ఇంకెవరు వెళ్ళినా గుమ్మంలోనే పసిగడుతుంది. నిన్ను చూస్తే ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం చాలు."

కరెంటు టెస్టర్ ఒకటి బల్ల మీద పెట్టాడు. ఎలక్ట్రీషియన్ల జేబుల్లో ఉండేలాంటిదే. వెనక నొక్కితే ముందు నుంచి సన్నటి సూది వస్తుంది, దాని చివర విషం. నత్త దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబులో అప్పటికే ఒక కాగితం పొట్లం ఉంది. పిల్లకి రాత్రి ఊడిన పాలపన్ను. అమ్మ ఊరు వైపు వెళితే చూపించు బాబాయ్, అని పొద్దున ఇచ్చింది. ఒకే జేబులో రెండూ ఉండడం అతనికి చాలా తప్పుగా తోచింది గానీ, ఏది తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

వెళ్ళేముందు సెల్లార్‌లోకి దిగాడు. అక్కడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే అమ్మాయిని చెవులపిల్లి అంటారు. అతను ఏ పని మీద వెళ్తున్నాడో ఆమెకి అర్థమైపోయింది, కళ్ళెత్తి చూడలేదు. మిగతా ఏజెంట్లందరూ గంట కొట్టినట్టు వినిపిస్తున్నారన్నా, ఆ అక్క ఛానెల్ ఒక్కటే శ్మశానంలా ఉంది, నేను చెవులు రిక్కించి రిక్కించి అలసిపోయాను, అని మెల్లగా చెప్పింది. నత్త మెట్లెక్కాడు.

షోరూంలోకి దారి ముందే సిద్ధమై ఉంది. వాళ్ళ వెనక గుమ్మం కెమెరాలో బొమ్మ సరిగా రావడం లేదట, రిపేరు కంపెనీకి ఫోన్ చేశారు. ఆ ఫోన్‌ని దారిలోనే పట్టి, డిపార్ట్‌మెంటు తన మనిషిని పంపింది. నీలం యూనిఫాం, అరిగిన బూట్లు, గుబురు మీసం, భుజాన కెమెరా కేబుల్ చుట్ట, చేతిలో పనిముట్ల సంచి. గుమ్మంలో ఉన్న ఇద్దరు కాపలావాళ్ళు అతని ఫోన్ లాక్కుని, సంచి తలకిందులు చేసి చూసి, టెస్టర్‌ని కూడా అటూ ఇటూ తిప్పి లోపలికి వదిలారు.

లోపల నేల తప్ప అంతా గాజే. కప్పు నిండా షాండ్లియర్లు, పక్కనుంచి మనిషి నడిస్తే చాలు సన్నగా గలగలమంటాయి. వేలిముద్ర పడితే గాజు పాడవుతుందని అక్కడ పనివాళ్ళందరూ తెల్ల గ్లౌజులు వేసుకుంటారు. ముఠా నాయకుడూ వేసుకుంటాడు, ఆయన కారణాలు ఆయనకున్నాయి. లావుపాటి మనిషి, నెమ్మదస్తుడు, పిల్లలకి కథలు చెప్పే తాతలా మాట్లాడతాడు. గ్లౌజులాయన అనే పేరు అక్కడా ఇక్కడా ఒకటే. నత్తని పై అంతస్తులోకి తీసుకెళ్ళి టీవీ చూపించాడు. వెనక గుమ్మం బొమ్మ అంచులు కరిగిపోయి, పాలు కలిపినట్టు వెలవెలబోతోంది. మనిషి నిలబడితే మనిషో మూటో తెలియడం లేదు.

నత్త నిచ్చెనెక్కి ఫాల్స్ సీలింగ్ పలక పక్కకి జరిపాడు. లోపల నల్లటి సన్న కేబుల్ ఒకటి గదులన్నీ చుట్టుకుంటూ పోతోంది. దాని ఒంటి మీద తెల్లటి అక్షరాల్లో ఆర్‌జీ 58 అని ఉంది. దాని పక్కనే బొటనవేలంత లావు కేబుల్ ఇంకొకటి, కొత్తది, డాబా మీదికి వెళ్తోంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేసి కిందికి దిగాడు.

ఏమిటి జబ్బు అని గ్లౌజులాయన అడిగాడు. నత్త రిపేరువాళ్ళ తీరులోనే, తల గోక్కుంటూ మొదలుపెట్టాడు.

"కేబుల్ చెడ్డది కాదు సార్. బండిలో వైర్‌లెస్ సెట్టుకి, ల్యాబుల్లో మీటర్లకి, ఒకప్పుడు ఆఫీసుల్లో కంప్యూటర్లు కలపడానికి ఇదే వాడేవాళ్ళు. సన్నగా ఉంటుంది, ఎలా వంచితే అలా వంగుతుంది. కానీ ఇది దగ్గర దూరానికే. అసలు కెమెరాల కోసం చేసింది కాదు. ఇంత దూరం లాగితే దారిలోనే సిగ్నల్ మింగేస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంకా మింగుతుంది."

"పెట్టినవాడు బాగా వస్తోందన్నాడే?"

"వాడు పక్కనే నిలబడి చూసుంటాడు సార్. ఇవతల ఎంత అరిచినా, అవతల వినేవాడికి..."

అక్కడితో నోట మాట ఆగిపోయింది.

శత్రువుకి చెబుతున్న మాట తన చెవిలోనే పడింది. సెల్లార్. ఈ కేబులే కదా! వినే గది మొన్నమొన్నటిదాకా నాలుగో అంతస్తులో, సరిగ్గా డాబా మీది యాంటెనా కింద ఉండేది. ఎదుటి మేడ మీద నుంచి కిటికీ అద్దం మీదికి లేజర్ వేసి లోపలి మాటలు వింటున్నారని అనుమానం రావడంతో, రాత్రికి రాత్రి దాన్ని సెల్లార్‌లోకి దించారు. యాంటెనా మాత్రం పైనే ఉండిపోయింది. డిపార్ట్‌మెంటులో ఒక నియమం ఉంది. వినే గదిని మార్చేటప్పుడు బయట ఒక మేకు కూడా కొనకూడదు. కొంటే అమ్మినవాడికి తెలుస్తుంది, వాడి నోటి నుంచి ఊరికి తెలుస్తుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అని పెద్దాయన గోడ మీద రాయించి మరీ పెట్టాడు. అందుకని స్టోర్‌రూంలో ఉన్నదే వాడాలి. ఉన్నదేమిటి, పాత కంప్యూటర్ల నెట్‌వర్క్ పీకేసినప్పుడు చుట్టి పడేసిన ఆర్‌జీ 58 ముక్కలు. వాటిని ఒకదానికొకటి అతికి, లిఫ్ట్ గోతిలోంచి నాలుగంతస్తులూ దింపి, మళ్ళీ సెల్లార్ గోడలన్నీ చుట్టించింది ఎవరు? నత్త. మూలమూలల్లో ఎంత ముద్దుగా వంగిందో అని మురిసిపోయింది కూడా నత్తే.

పరీక్ష చెయ్యకుండా ఏమీ వదల్లేదు. మీటరు పెడితే పచ్చ దీపం వెలిగింది. ఇప్పుడు తెలుస్తోంది దాని సంగతి. కేబుల్లోంచి వెనక్కి తన్నుకొచ్చే సిగ్నల్ ఎంతో చూసి, అది ఎక్కువైతేనే ఆ మీటరు ఎర్ర దీపం వెలిగిస్తుంది. దారిలోనే అంతా మింగేసే కేబుల్ వెనక్కి ఏం పంపుతుంది? ఏమీ రాకపోతే మీటరు దృష్టిలో అంతా భేషుగ్గా ఉన్నట్టే. వీధిలోంచి ఏజెంట్లు మాట్లాడితే చెవులపిల్లికి చక్కగా వినిపించింది. వాళ్ళందరివీ కింది ఫ్రీక్వెన్సీ సెట్లు, పవరూ ఎక్కువే. బాగా పై ఫ్రీక్వెన్సీలో, గోరంత పవరుతో పలికేది వదిన బ్రూచ్ ఒక్కటే.

వదిన రోజూ మాట్లాడుతూనే ఉంది. గొడుగాయన్ని రావద్దని కూడా చెప్పే ఉంటుంది.

నత్త రెండు చేతులా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. గొడుగాయన పెళ్ళాం మొహం, పాలపన్ను పొట్లం, జేబులో సూది, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. తను ఆ కేబుల్‌తో ఒక మంచి మనిషిని చంపేశాడు. ఇంకొకరిని చంపడానికి ఇప్పుడు స్వయంగా వచ్చాడు. ఏమైందని గ్లౌజులాయన అడిగితే, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు సార్, కళ్ళు తిరిగాయి, అన్నాడు. అందులో అబద్ధం లేదు. కేబుల్ మార్చాలంటే కెమెరా కాసేపు ఆపాలన్నాడు. సరే, తొందరగా కానివ్వు, మాకిక్కడ పనుంది, అని గ్లౌజులాయన కిటికీ వైపు నడిచాడు. అవతల సభా భవనం ముందు కార్లు వరసకడుతున్నాయి.

వెనక స్టోర్‌రూంలో గడ్డి నింపిన చెక్కపెట్టెల మధ్య వదిన కనిపించింది. నల్ల పట్టు దుస్తులు, మెడలో ముత్యాలు, గుండె మీద బ్రూచ్. గోడకి కేబుల్ మేకులు కొడుతున్న మనిషిని వీపు చూసే ఆమె గుర్తుపట్టింది. మీసం చూసి పెదవి కొరుక్కుంది. ఇంట్లో అయితే ఆ మీసం మీద వారం రోజులు నవ్వేది.

నత్త రహస్య వాక్యం పలికాడు. "ఈ దీపం కింద చీకటి ఉంటుందా, మేడమ్?"

"ఏ దీపం కింద లేదు?" అంది. అదే సరైన జవాబు. ఆ తరవాత గొంతు బాగా తగ్గించి, "ఇప్పటికా రావడం?" అని అడిగింది.

ఒక్క మాట కూడా అందలేదని అతను చెప్పాడు. ఆమె మొదట నమ్మలేదు.

"రోజూ చెప్పాను. గొడుగాయన్ని పంపొద్దని ఆ పొద్దున మళ్ళీ మళ్ళీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆయన పడిపోతుంటే ఆ కిటికీలోంచి చూస్తూ, పక్కన ఆ గ్లౌజులవాడుంటే నవ్వాను. మీకిక నేనక్కర్లేదు కాబోలనుకున్నాను."

"తప్పు కేబుల్‌ది వదినా. అది వేసింది నేను."

నత్త పొడి పొడిగా చెప్పేశాడు. దాచాలనిపించలేదు. ఆమె వింటూ వింటూ అతని చేతిలోని టెస్టర్ వైపు చూసింది.

"అది కరెంటు చూడ్డానికి తెచ్చింది కాదు కదా?"

"కాదు."

"నాకేనా?"

అతను తలూపాడు. కళ్ళలో నీళ్ళు ఆపుకోలేకపోయాడు. గుబురు మీసం పెట్టుకుని ఏడవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది, జిగురు వదిలి ఒక కొస వేలాడింది. వదిన ఓదార్చలేదు. అతను జేబులోంచి కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. ఆమె విప్పి చూసి, గ్లౌజు తీసి, ఆ పన్ను అరచేతిలో వేసుకుని గుప్పిట మూసింది. పై పన్నా, కింది పన్నా అని అడిగింది. పైది అని చెప్పాడు.

"సరే. నీ సంగతి తరవాత చూస్తాను. ముందు పని," అని చెయ్యి చాచి అతని మీసం కొస గట్టిగా అదిమింది.

ఆమె చెప్పింది ఇదీ. సభా భవనంలో సంతకాల బల్ల మీద వేలాడే పెద్ద షాండ్లియర్ ఈ షోరూం నుంచి వెళ్ళిందే. దాని ఇత్తడి కడ్డీ నిండా పేలుడు మందు. లోపల ఫోన్లు పని చెయ్యకుండా జామర్లు పెట్టారు గనక, వాటికి అందనంత పై ఫ్రీక్వెన్సీలో ఇక్కడి నుంచి రేడియో సిగ్నల్ పంపి పేలుస్తారు. ట్రాన్స్‌మిటర్ పై గదిలో గ్లౌజులాయన బల్ల మీదుంది. నత్త చూసిన లావు కేబుల్ డాబా మీది యాంటెనాకి వెళ్ళేది అదే. సంతకాలు మొదలవగానే బటన్ నొక్కుతాడు. గుమ్మం దాటి వెళ్ళే వీల్లేదు, పని అయ్యేదాకా ఎవరూ బయటికి కదలకూడదని ఆర్డరు. ఫోన్ ఉన్నది పై గదిలోనే, ఆయన మోచేతి పక్కన. ఇక మిగిలింది బ్రూచ్. అందులో ఎంత మొత్తుకున్నా వెళ్ళేది ఆ సెల్లార్ కేబుల్లోకే.

కేబుల్ కోసేద్దామా అంటే, కుదరదంది వదిన. ట్రాన్స్‌మిటర్ మీద ఒక మీటరుంది. కేబుల్ తెగితే సిగ్నల్ వెనక్కి తన్ని ఎర్ర దీపం వెలుగుతుంది. గ్లౌజులాయన పావుగంటకోసారి పరీక్షిస్తాడు. ఎర్ర దీపం కనపడితే భవనంలో ఉన్న తన మనిషికి కిటికీలోంచి సైగ చేస్తాడు, వాడు చేత్తోనే పేలుస్తాడు. వాడెవడో ఆమెకి తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నత్త తన భుజం వైపు చూసుకున్నాడు. కెమెరా నుంచి అప్పుడే పీకిన వాళ్ళ ఆర్‌జీ 58 చుట్ట అక్కడే వేలాడుతోంది. పెద్ద చుట్ట.

"ఎర్ర దీపం వెలగదు వదినా," అన్నాడు. "పచ్చదే వెలుగుతుంది. నాక్కూడా పచ్చదే వెలిగింది."

వదిన పై గదిలోకి వెళ్ళి గ్లౌజులాయన్ని కిటికీ దగ్గర మాటల్లో పెట్టింది. ఏ కారులో ఎవరొచ్చారో చూపిస్తూ, ఎవరి భార్య నగలు నకిలీవో చెబుతూ ఆయన్ని నవ్వించింది. నవ్వించడం ఆమె ఉద్యోగం. అవతలి గదిలో నత్త నిచ్చెన మీద, సీలింగ్‌లోకి నడుము దాకా దూరి, లావు కేబుల్ అతుకు విప్పుతున్నాడు. లావు మూతికి సన్న మూతి కుదరదు, సంచిలో అడాప్టర్లు వెతికి రెండు పక్కలా బిగించాడు. ఎన్ని వేల అతుకులు వేసిన చేతులో అవి. చుట్టని సీలింగ్ మీద చదునుగా పరిచి, పలక యథాస్థానంలో పెట్టి, కిందికి దిగి, కెమెరా బాగైంది సార్ అని పై గదిలోకి వెళ్ళాడు.

టీవీలో వెనక గుమ్మం అద్దంలా కనిపిస్తోంది. శభాష్ అన్నాడు గ్లౌజులాయన. ఇప్పుడే వెళ్ళకు, కాసేపాగి వెళ్దువుగాని, అని కుర్చీ కూడా చూపించాడు. ఆ మర్యాదకి అర్థం ఏమిటో నత్తకి తెలుసు. పని అయ్యాక రిపేరువాణ్ణి ప్రాణాలతో వదలరు.

పరీక్ష బటన్ నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది.

నత్త ఊపిరి పీల్చుకోలేదు. మీటరు సంగతి సరే, ఆ చుట్ట ఎంత మింగుతుందో అతను లెక్క వెయ్యలేదు, వేసే వ్యవధి ఎక్కడిది? నాలుగంతస్తుల కేబుల్ బ్రూచ్ మాటని మింగింది నిజమే. ఇది బ్రూచ్ కాదు, పెట్టెంత ట్రాన్స్‌మిటర్. సగం మింగి సగం వదిలితే అవతల సంతకాల బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మాంసపు ముద్దలే.

కిటికీ అవతల, పెద్ద అద్దాల వెనక ఆ షాండ్లియర్ ధగధగలాడుతోంది. కింద మనుషులు కూర్చున్నారు. గ్లౌజులాయన గ్లౌజు సర్దుకుని, ఎర్ర మూత ఎత్తి, బటన్ నొక్కాడు.

ఏమీ కాలేదు.

పచ్చ దీపం నిబ్బరంగా వెలుగుతోంది. మళ్ళీ నొక్కాడు. ఏమీ కాలేదు. అవతల ఎవరో కలం తీశారు. గ్లౌజులాయన మొహంలో తాత మాయమయ్యాడు. పవర్ పెంచే నాబ్‌ని చివరి దాకా తిప్పి, బటన్ నొక్కి పట్టుకున్నాడు. అవతల షాండ్లియర్ ఒక్కసారి రెపరెపలాడినట్టనిపించింది నత్తకి. కాదు, దాని కింద నుంచి ఎవరో కాగితాలు పట్టుకుని వెళ్ళారు, అంతే. అప్పుడే గదిలోకి ప్లాస్టిక్ కాలిన కమురు వాసన వచ్చింది. ఇంత పవరు భరించడం కూడా సన్న కేబుల్‌కి చేతకాదు. పక్క గది సీలింగ్ నుంచి పొగ దిగుతోంది. ఇంకొంచెం కరిగితే లోపల తీగలు ఒకదానికొకటి తగిలి ఎర్ర దీపం వెలుగుతుంది.

గ్లౌజులాయన పొగని చూశాడు, రిపేరువాణ్ణి చూశాడు. ఇంతసేపూ తనని కిటికీ దగ్గర కట్టిపడేసింది ఎవరో గుర్తొచ్చి, పిస్తోలు తీసి వదినకి గురిపెట్టాడు. "నువ్వా!" అన్నాడు. అందులో కోపం కంటే బాధే ఎక్కువుంది. ఎడమ చెయ్యి కిటికీ తెర వైపు లేచింది. సైగ అదే.

నెమ్మది మనిషని పేరున్నవాడు ఆ గదిని ఎలా దాటాడో వదినకి కూడా కనపడలేదు. టెస్టర్ సూది తెల్ల కాలరు పైన దిగింది. లేచిన చెయ్యి తెరని అందుకోకుండానే జారిపోయింది. ఆ లావు మనిషి నేల మీద పెట్టిన ఒక షాండ్లియర్ మీద పడ్డాడు. మీటరు మీద అప్పుడు వెలిగింది ఎర్ర దీపం, చూసేవాడు లేకుండా.

వదిన ఫోన్ అందుకుని డ్రైక్లీనింగ్ దుకాణానికి డయల్ చేసింది. పెద్దాయనే ఎత్తాడు. "నల్ల కోటు గురించండీ," అందామె, అది వాళ్ళ సంకేతం. "మరక పడిందన్నారట. పడలేదు. హాల్లో పెద్ద షాండ్లియర్ కడ్డీలో బాంబుంది. షోరూం కిటికీ వైపే చూస్తూ నిలబడ్డవాడు వాళ్ళ మనిషి. ముందు వాణ్ణి పట్టుకోండి. నన్ను చంపించే పని తరవాత చూసుకోవచ్చు." అవతల ఆవిరి ఇస్త్రీల చప్పుడు మధ్య పెద్దాయన మనుషుల్ని కేకేస్తున్నది వినిపించింది.

సంతకాలు సగంలో ఆగాయి, జనం బయటికొచ్చారు, బాంబు తీశారు, కాపలావాళ్ళు దొరికిపోయారు. ఆ సాయంత్రం పెద్దాయన ఒళ్ళో కోటు లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. ఏం కావాలో అడగమన్నాడు. సెల్లార్ చూస్తానంది వదిన. చెవులపిల్లి హెడ్‌ఫోన్లు తీసేసి, ఆమె చేతులు రెండూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన ఆ అమ్మాయి తల నిమిరింది గానీ చూపు మాత్రం గోడ వెంట పోతున్న నల్లటి సన్న కేబుల్ మీదే ఉంది. అతుకులు ఎంత చక్కగా వేశాడు నత్త.

కొత్త కేబుల్ కొనాలంటే నియమం అడ్డమొస్తుందని పెద్దాయన గొణిగాడు. షోరూంలో పట్టుకున్న లావు కేబుల్ ఉందిగా, అది మనం కొనలేదుగా, అంది వదిన. నత్త ఆ రాత్రే దాన్ని వేస్తానన్నాడు. గొడుగాయన గొడుగు ఇంకా సెల్లార్ మెట్ల దగ్గర కొక్కేనికే ఉంది. ఆయన పెళ్ళానికి అది తీసుకెళ్ళి ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు ఆయన ఎందుకు పోయాడో కూడా చెప్పాలి. అది ఎవరూ ఆర్డరెయ్యలేదు. నేనే వెళతాను, నేనే చెబుతాను, అన్నాడు నత్త. వదిన వద్దనలేదు.

ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్ళారు. దారి పొడుగునా అతను రెండడుగులు వెనకే ఉన్నాడు. ఏ మొహం పెట్టుకుని పక్కన నడుస్తాడు? తలుపు తీసిన పిల్ల అమ్మని చూసి అరవలేదు, కదలలేదు, నోరు తెరిచి ఊడిన పన్ను సందు చూపించింది అంతే. వదిన గుమ్మంలోనే చతికిలబడి, పిల్లని ఒళ్ళోకి లాక్కుని, గుప్పిట విప్పి పన్ను చూపించింది. మధ్యాహ్నం నుంచీ ఆ గుప్పిట ఎన్నిసార్లు విప్పిందో, ఎన్నిసార్లు మూసిందో. కాసేపటికి పిల్ల, బాబాయ్ నువ్వెందుకు దూరంగా నిలబడ్డావ్, అని అడిగింది. వదిన కూడా తలెత్తి చూసింది. క్షమించినట్టు లేదు గానీ, పక్కన కాస్త చోటు మాత్రం జరిగి ఇచ్చింది.

"రా, వచ్చి కూర్చో," అంది. "దగ్గర దూరానికైతే నువ్వూ, నీ కేబులూ బాగానే పనికొస్తారు."